తొమ్మిది అంగుళాల పైపు ముక్క

ఫ్లాటుకోసం తీసిన బ్యాంకు డీడీ పోయిందని ఫోను వచ్చింది ఉదయం ఎనిమిదీ నలభైకి. తొమ్మిదీ ఐదుకల్లా డిటెక్టివు ఆ ఇంటి మెట్లెక్కుతున్నాడు.

మామూలుగా అతను ఏ పిలుపుకైనా గంటన్నర ఆలస్యంగా వెళ్తాడు. ఆలస్యంగా వెళ్తే గౌరవం పెరుగుతుందని అతని నమ్మకం. ఆ లెక్కన ఈపాటికి నాలుగు కూడళ్ళలో అతని విగ్రహాలు లేచి ఉండాలి. ఈరోజు మాత్రం చొక్కా గుండీలు ఒకటి తప్పించి ఒకటి పెట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. కారణం ఉంది. గుమ్మడికాయల దొంగ అని వీధి చివర ఎవరన్నా అంటే, ఇంట్లో మంచమ్మీద పడుకుని భుజాలు తడుముకునే స్థితిలో ఉన్నాడతను, రెండు నెలలుగా.

అతని బోర్డు అందరికీ తెలుసు. 'ఇల్లు కొంటున్నారా? ఎండలో ఒకసారి, వానలో ఒకసారి, చెప్పకుండా ఒకసారి. మూడుసార్లు చూశాకే మా సంతకం.' ఆ బోర్డు పుణ్యమా అని అసలు పేరు కన్నతల్లికి తప్ప ఎవరికీ గుర్తులేదు. అందరూ "మూడుసార్లు గారూ" అనే పిలుస్తారు.

ఆ మూడింట్లో ఒకటి ఎగ్గొట్టాడు. బతుకులో ఒకేఒక్కసారి. అదీ ఈ ఇంటివాళ్ళు కొనబోయే ఫ్లాటు విషయంలో.

తలుపు తీసింది డ్రైవరు. ఇరవై ఏళ్ళుగా సిటీ బస్సు నడుపుతున్న మనిషి. కంగారొస్తే అతని కుడికాలు దానంతటదే నేలమీద బ్రేకు నొక్కుతుంది. ఇప్పుడు ఆగకుండా నొక్కుతోంది.

"కూర్చోండి మూడుసార్లు గారూ. కూర్చోకండి. టైం లేదు. పన్నెండింటికి రిజిస్ట్రేషను."

"ముందు టైములు చెప్పండన్నా. ఆఖరిసారి డీడీ ఎప్పుడు చూశారు?"

"ఏడింటికి. బీరువాలో, నా కొత్త చొక్కా కింద, కవర్లో. ఏడుంపావుకి నేను స్నానానికెళ్ళా. ఏడున్నరకి మా ఆవిడెళ్ళింది. నేను గడ్డం గీసుకుంటున్నా. ఎనిమిదింటికి ఆ ఎదురుబోర్డాయన వచ్చాడు."

డిటెక్టివు ప్రాణం లేచొచ్చింది. ఎదురుబోర్డు అంటే అతని ఆఫీసుకి సరిగ్గా ఎదురుగా, రెండింతలు పెద్ద బోర్డు తగిలించుకున్న ఇంకో డిటెక్టివు. ఆ బోర్డుమీద రాసుంది ఒక్కటే మాట: 'మూడుసార్లెందుకు?' ఈమధ్య బిల్డరు అతన్ని జీతమిచ్చి పెట్టుకున్నాడు, ఫ్లాట్లు త్వరగా అమ్మించడానికి.

"వాడెందుకొచ్చాడు?"

"పన్నెండు దాటితే అడ్వాన్సు పోయినట్టేనని గుర్తుచెయ్యడానికి. అగ్రిమెంటులో ఉంది లెండి. గుమ్మంలోనే నిలబడి చెప్పి పోయాడు. ఎనిమిదిన్నరకి బీరువా తీస్తే చొక్కా ఉంది, కవరుంది. లోపల డీడీ లేదు."

"లోపలికే రానివాడు ఎలా తీస్తాడు?" అన్నది డ్రైవరు భార్య, లోపలి గదిలోంచి.

ఆవిడ దర్జీ. మెళ్ళో టేపు, ముందు కుట్టుమిషను. మిషను పక్కన స్కూలు యూనిఫాం బట్ట మోకాలెత్తు గుట్టగా పడుంది. కత్తెర దానిమీద మూసి ఉంది.

"ఈ గుట్టేంటమ్మా? కొయ్యలేదా?"

"వారమైంది కోసి," అన్నది తల ఎత్తకుండా. "చెయ్యి రావట్లేదు."

దొంగతనం ఈరోజు జరిగితే చెయ్యి వారం కిందట ఎందుకు ఆగింది? డిటెక్టివు ఈ ప్రశ్న అడగబోయి, ఎందుకో మింగేశాడు. కొన్ని ప్రశ్నలకి జవాబు మన జేబులోనే ఉన్నట్టు ముందే వాసనొస్తుంది.

"ఆ డీడీ మాకు డబ్బు కాదండీ," అన్నాడు డ్రైవరు. "ఏడేళ్ళు. అందులో ఆఖరి రెండేళ్ళు ఉత్తుత్తి వాయిదాలు."

"అంటే?"

"లోను రాకముందే లోను కట్టడం అలవాటవ్వాలని మా అమ్మ పెట్టిన పద్ధతి. ప్రతి అయిదో తారీకూ ఆవిడ ఈ మిషను వెనకాల మేనేజరులా కూర్చుంటుంది. మేమిద్దరం లైన్లో నిలబడి వాయిదా కట్టాలి. ఒక్కరోజు లేటైతే జరిమానా. ఒకసారి, అమ్మా ఈ నెల బస్సుల సమ్మె, జీతం రాలేదు, కొంచెం చూడమ్మా అన్నా. 'మేనేజరుగారు భోజనానికెళ్ళారు' అని కళ్ళు మూసుకుంది. గంటసేపు తియ్యలేదు."

"ఇప్పుడెక్కడున్నారు మేనేజరుగారు?"

"డాబామీద. ఆవిడ గదిలో."

డాబామీద గది లేదు. నాలుగు సుద్దగీతలున్నాయి. మే నెలలో ఫ్లాటు చూసొచ్చిన సాయంత్రమే దర్జీ అక్కడి గదులన్నీ కొలిచి, ఆ కొలతలతో డాబామీద ఇల్లు మొత్తం గీసింది. హాలు, వంటగది, రెండు గదులు, తలుపులు, కిటికీలు. మంచం ఎటు పట్టుద్ది, మిషను వేస్తే తలుపు తగులుద్దా, బీరువా ఏ గోడకి, అన్నీ ముందే బతికి చూసుకోవాలని. మిగతావాళ్ళు వారానికి మానేశారు. అత్త మానలేదు. గోడ గీసినచోట ఆవిడ దాటదు. ఒకసారి పరాకున గోడకి తగిలి నుదురు రుద్దుకుందని డ్రైవరు ఒట్టేసి చెప్పాడు.

డిటెక్టివు నేరుగా ఆవిడ దగ్గరికి నడిచాడు.

"ఆగక్కడ! గోడలోంచి వస్తావేం నాయనా, దెయ్యంలా? తలుపు అటుంది."

అతను వెనక్కెళ్ళి, హాల్లోంచి వంటగది చుట్టూ తిరిగి, సుద్దతో తలుపని గీసినచోట నిలబడ్డాడు. "రావచ్చా పెద్దమ్మా?"

"రా. తలుపు మెల్లగా వెయ్యి."

వేశాడు. తలుపు లేకపోయినా మెల్లగానే వేశాడు.

అత్త స్టూలుమీద కూర్చుని, జానెడు స్టీలు పైపు ముక్కతో వీపు గోక్కుంటోంది. పైపు రెండు మూతుల్లోనూ గుడ్డపేలికలు కుక్కి ఉన్నాయి.

"ఏడింటినుంచి ఎనిమిదిన్నరదాకా ఎక్కడున్నారు?"

"ఇక్కడే. మధ్యలో ఏడూ నలభైకి మంచినీళ్ళకి దిగా. కోడలు స్నానంలో ఉంది. వీడు గడ్డం గీసుకుంటూ పాడుతున్నాడు. వీడు పాడుతుంటే ఇంట్లో బాంబు పేలినా వినపడదు."

ఇంకో రోజైతే ఆ ఒక్క జవాబుతో డిటెక్టివు కేసు మూసేసేవాడు. కానీ అతని కళ్ళు అప్పటికే నేలమీదున్నాయి. అత్త గదికి ఒక పక్క రెండు గోడలున్నాయి. ఒకటి మూడు నెలల తొక్కుడికి మాసిన తెల్లగీత. దానికి లోపలగా ఒకటి, కొత్త ఎర్రగీత.

"ఇటు రెండు గీతలెందుకు?"

"ఎర్రది మావాడు గీశాడు, పోయిన గురువారం. పదడుగుల ఏడంగుళాలట. దాన్ని నేను గోడగా ఒప్పుకోలేదు. తెల్లది నా కోడలు కొలిచింది. పదకొండడుగుల నాలుగంగుళాలు." అత్త పైపుముక్క ఎత్తి చూపించింది. "గది మధ్యలో గోడనుంచి గోడకి కర్టెన్ కట్టి, ఇటు నా మంచం, అటు దాని మిషను అనుకున్నాం. ఆ కొలతకి పైపు కొనింది. ఫ్లాటుకి తీసుకెళ్తే పట్టలేదు. తొమ్మిదంగుళాలు ఎక్కువ. షాపుకి తీసుకెళ్ళి కోయించారు. కోసిన ముక్క ఇదే."

"మీవాడేమన్నాడు?"

"నవ్వాడు. అది మాత్రం నవ్వలేదు. మే నెలనుంచి గదిలో మార్పు లేదని నువ్వు రాశావుగా, మూడుసార్లు చూసి. గది మారలేదంటే తప్పు టేపుదేగా? ఆ రోజునుంచి కత్తెర పట్టలేదు నా కోడలు."

డిటెక్టివు నోట్లో పచ్చి వెలక్కాయ పడింది. ఒకటి కాదు, బస్తా.

"మీరేమనుకుంటున్నారు పెద్దమ్మా?"

"ఇరవై ఏళ్ళుగా కోస్తోంది అది. పొట్ట పెరిగినవాడు పెరగలేదని ఏడ్చి మొత్తుకున్నా దాని టేపు ఒప్పుకోలేదు. ఇళ్ళ సంగతి నాకు తెలీదు. టేపు సంగతి తెలుసు."

తొమ్మిదీ యాభై. డిటెక్టివు లేచాడు. తలుపు తీసుకుని బయటికెళ్ళాడు.

"డీడీ సంగతి తర్వాత. ముందు ఫ్లాటు చూడాలి. అందరూ రండి."

"మళ్ళీ ఎందుకండీ? మూడుసార్లు చూశారుగా?" అన్నాడు డ్రైవరు, అమాయకంగా. తేలు కుట్టిన దొంగకి ఓదార్పు మాటకూడా ఇంకో తేలే.

డ్రైవరు ఆ ఇరవై నిమిషాల కాలినడక దారిని అందరిచేతా పన్నెండు నిమిషాల్లో నడిపించాడు. మలుపుల దగ్గర చెయ్యి చాపి సిగ్నల్ కూడా ఇచ్చాడు.

బిల్డింగు ముందు లారీ ఆగుంది. మూడో అంతస్తులో ఎవరో ఈరోజే దిగుతున్నారు. నలుగురు మనుషులు ఒక ఇనప బీరువాని తిట్టుకుంటూ మెట్లమీదికి నెడుతున్నారు. గేటు పక్కన గోడకి, వచ్చేవాళ్ళకీ పోయేవాళ్ళకీ కనపడేలా, డిటెక్టివు రిపోర్టు వేలాడుతోంది. బిల్డరు దాన్ని లామినేషన్ చేయించి, చుట్టూ బంగారు రంగు ఫ్రేము కట్టించాడు. 'బిల్డింగు దృఢంగా ఉన్నది. మూడో తనిఖీ: జూన్ 17, సాయంత్రం 4:10. మార్పు లేదు.' కింద సంతకం. ఏడు కుటుంబాలు ఆ కాగితం చదివి కొన్నాయని వాచ్‌మన్ గర్వంగా చెప్పాడు. ఎవరూ చూడకుండా డిటెక్టివు దాని మూల పట్టుకుని లాగాడు. లామినేషన్ చిరగలేదు.

కింది అంతస్తులో, వీళ్ళు కొనబోయే ఫ్లాటులో, ఖాళీ హాలు మధ్య, ప్లాస్టిక్ కుర్చీలో కాలుమీద కాలేసుకుని ఎదురుబోర్డు కూర్చున్నాడు.

"రా గురూ! పదీ పదిహేను. నువ్వు టైముకొచ్చావంటే ఏదో కొంప మునిగింది. డీడీ పోయిందట, ఇందాక ఫోన్ చేస్తే చెప్పారు. దొరికిందా?"

"ఎనిమిదింటికి నువ్వెళ్ళావు, ఎనిమిదిన్నరకి అది లేదు. నిన్నే అడగాలి."

"నేను గుమ్మం దాటలేదు. దొంగ ఇంట్లోనే ఉంది. ముసలావిడ. కోడలు ఇల్లు కొనుక్కుంటుంటే అత్తకి కళ్ళు కుట్టవా?"

"అబ్బాయ్," అన్నది అత్త వెనకనుంచి, "నా కళ్ళు కుట్టట్లేదు. కుడికంట్లో శుక్లం. దాంతో చూసినా నువ్వు వెధవలాగే కనపడుతున్నావు."

డిటెక్టివు లోపలి గదిలోకి నడిచాడు. తెల్లటి గోడలు, కొత్త రంగు వాసన. మిగతా గదుల్లో ఆ వాసన లేదు. అతను దర్జీవైపు తిరిగాడు.

"అమ్మా, మీ టేపుతో, మీరే కొలవండి. ఆ గోడనుంచి ఈ గోడకి."

"వద్దండీ."

"మీరే కొలవాలి."

డ్రైవరు ఒక కొస పట్టుకున్నాడు. ఆవిడ మోకాళ్ళమీద కూర్చుని, టేపు మూడుసార్లు మార్చి మార్చి వేసింది. చాలాసేపు అంకెమీద వేలు తియ్యలేదు.

"పదడుగుల ఏడు," అన్నది. ఆవిడ గొంతు ఎవరో తొమ్మిదంగుళాలు కోసేసినట్టుంది.

"అయిపోయింది!" ఎదురుబోర్డు చప్పట్లు కొట్టాడు. "కొలత ఆవిడే తప్పు కొలిచింది, ఆవిడే ఒప్పుకుంది. గురూ, నువ్విలా వంటగదిలోకి రా. రెండు నిమిషాలు."

వంటగదిలో అతను తలుపు దగ్గరికేసి, గొంతు తగ్గించాడు.

"జూన్ పదిహేడు. నాలుగూ పదికి ఎక్కడున్నావు?"

"కాగితంమీద ఉందిగా."

"సెలూన్లో ఉన్నావు. తలకి నల్లరంగు పూసి నలభై నిమిషాలు కదలొద్దన్నాడు. పక్క కుర్చీలో మొహమ్మీద తువ్వాలు కప్పుకుని పడుకున్నది నేనే. తువ్వాలు కొంచెం జారింది. నువ్వు మోకాలిమీద కాగితం పెట్టుకుని 'మార్పు లేదు' అని రాయడం అద్దంలో చూశా. తిరగేసి కనపడ్డా చదివేశా."

డిటెక్టివు చెయ్యి దానంతటదే జుట్టుమీదికెళ్ళింది. ఆ రంగు మూడు వారాలకే పోయింది. దాని కింద పూసుకున్న అబద్ధం మాత్రం ఇంకా నిగనిగలాడుతోంది.

"అంత మొహం పెట్టకు," అన్నాడు ఎదురుబోర్డు, నిజంగానే జాలిపడుతూ. "మన వృత్తిలో మూడోసారి ఎవడెళ్తాడు? నేను మొదటిసారే వెళ్ళను. నేనూ ఈ బిల్డింగులోనే కొన్నా, తెలుసా? రెండో అంతస్తు. మా ఆవిడా పిల్లలూ జులైలోనే దిగారు. నీ కాగితం చూసే కొన్నా. వీడు రెండుసార్లన్నా నిజంగా వెళ్ళుంటాడులే అనుకున్నా. ఇప్పుడు విను. డీడీ ముసలావిడ దగ్గరుందని నీకూ తెలుసు, నాకూ తెలుసు. తీయించు. పన్నెండింటికి సంతకాలైపోతాయి, నీ జుట్టు సంగతి నా కడుపులో ఉంటుంది. కాదంటావా, రేపు నీ బోర్డుకింద ఇంకో బోర్డు నేనే కడతా: 'రంగు ఆరేదాకా ఒకసారి.'"

పదీ యాభై. తలుపు సందులోంచి గది కనపడుతోంది. దర్జీ లేచి నిలబడింది. టేపుని వేళ్ళకి చుట్టింది, నీటుగా, ఎప్పుడూ చుట్టేలాగే. ఆ చుట్టని మెళ్ళో వేసుకోలేదు. కిటికీ గట్టుమీద పెట్టింది. ఎవరిదో వస్తువు మర్చిపోయినవాళ్ళకోసం పెట్టినట్టు పెట్టి, తలుపువైపు నడిచింది.

డిటెక్టివు తన జీవితంలో చాలా చోట్ల చాలామంది నేరాలు ఒప్పుకోగా చూశాడు. అందరూ ముందు మంచినీళ్ళడుగుతారు. అదెందుకో అతనికి ఇప్పుడు తెలిసింది.

తలుపు తోసుకుని గదిలోకొచ్చాడు.

"అమ్మా, ఆ టేపు తీసుకోండి. మీరు తప్పు కొలవలేదు. నేను కొలవలేదు."

"ఏంటండీ?"

"మూడోసారి నేను రాలేదు. రెండుసార్లే వచ్చా. జూన్ పదిహేడున సెలూన్లో జుట్టుకి రంగేయించుకుంటూ ఆ రిపోర్టు రాశా. మార్పు లేదని నేను చూసి రాయలేదు, ఊహించి రాశా. మార్పుంది. ఈ గోడ మే నెలలో ఇక్కడ లేదు."

డ్రైవరు కుడికాలు నేలమీద బ్రేకు నొక్కి అలాగే ఆగిపోయింది. అతను డిటెక్టివుని కొడతాడనే అందరూ అనుకున్నారు. కొట్టలేదు. భార్యవైపు తిరిగాడు.

"నేను నవ్వాను," అన్నాడు.

దర్జీ కిటికీ దగ్గరికి వెళ్ళి టేపు తీసుకుంది. మెళ్ళో వేసుకుంది.

"వారం రోజులు," అన్నది డిటెక్టివుతో. గొంతు పెంచలేదు. పెంచినా బాగుండేది. "వారం రోజులు నా చేతుల్ని నేనే నమ్మలేదండీ. నలభై మంది పిల్లల యూనిఫాంలు ఆపేశా. కళ్ళ డాక్టరు దగ్గరికెళ్ళా. ఇంక ఈ పని మానేసి ఇంకేదన్నా చూసుకుందామా అని మా అత్తయ్యనడిగా."

క్షమాపణ అనే మాట డిటెక్టివు నోటిదాకా వచ్చి, తన సైజు చూసుకుని సిగ్గుపడి లోపలికి పోయింది.

చప్పుడైతే అందరూ తిరిగారు. అత్త పైపుముక్క మూతిలోంచి గుడ్డపేలికని పళ్ళతో లాగింది. లోపలనుంచి చుట్టచుట్టిన కాగితం ఒకటి జారి ఆవిడ అరచేతిలో పడింది. డీడీ.

"అమ్మా!" అన్నాడు డ్రైవరు.

"నా కోడలి కొలత తప్పని రుజువైతే ఇచ్చేద్దామనుకున్నా. ఒప్పని తేలితే ఇవ్వకూడదనుకున్నా. పొద్దున చెప్తే మీరిద్దరూ వినేవాళ్ళా? అది తన్ను తనే నమ్మట్లేదు, నువ్వు కాగితాన్ని నమ్ముతున్నావు. మధ్యలో మిగిలింది నేనొక్కదాన్నే."

"ఇది దొంగతనం!" ఎదురుబోర్డు గుమ్మంలో అరిచాడు. "పదకొండూ ఐదు! ఇంకా టైముంది. ఆ డీడీ ఇలా ఇవ్వండి. పన్నెండు దాటితే అడ్వాన్సు పోద్ది!"

"ఈ లోనుకి మేనేజరుగారి సంతకం కాలేదు," అన్నది అత్త, డీడీని మళ్ళీ పైపులోకి తోస్తూ. "మేనేజరుగారు భోజనానికెళ్ళారు."

దర్జీ అప్పటికే కొత్త గోడ దగ్గరుంది. ఇప్పుడావిడ నడకే వేరు. గోడని బట్టని చూసినట్టు చూస్తోంది, ఎక్కడ కుట్టు పడిందా అని.

"మూడుసార్లు గారూ, ఈ స్విచ్‌బోర్డు. ఇదీ మే నెలలో లేదు. అదికూడా నా మతిమరుపే అనుకున్నా."

డిటెక్టివు మూడు స్విచ్చులూ నొక్కాడు. ఏదీ వెలగలేదు. ఏ ఫ్యానూ తిరగలేదు. వైరు గొట్టం పైనుంచీ రాలేదు, కిందనుంచీ రాలేదు. నాలుగు మరలు మాత్రం తెల్లగా మెరుస్తున్నాయి. గాడులు గీరుకుపోయి ఉన్నాయి, ఒక్కసారి బిగించిన మరల్లా కాదు, వారానికోసారి తీసి బిగించిన మరల్లా.

"స్క్రూడ్రైవరు?"

దర్జీ చేతిసంచిలోంచి కుట్టుమిషను చిన్న స్క్రూడ్రైవరు తీసిచ్చింది.

"ముట్టుకోవద్దు! బిల్డరుది!" అంటూ ఎదురుబోర్డు ముందుకొచ్చాడు. డ్రైవరు అడ్డంగా నిలబడ్డాడు. ఇరవై ఏళ్ళు బస్సు ఫుట్‌బోర్డు జనాన్ని లోపలికి పంపిన గొంతుతో, "వెనక్కి జరగండి సార్, వెనక ఖాళీ ఉంది," అన్నాడు.

నాలుగు మరలూ వచ్చాయి. స్విచ్‌బోర్డు తలుపులా తెరుచుకుంది. వెనక తలపట్టేంత చీకటి కన్నం. డిటెక్టివు ఫోను లైటు వేసి లోపలికి చూశాడు.

కొత్త గోడకీ పాత గోడకీ మధ్య బిల్డింగుని మోసే స్తంభం ఉంది. దానిమీద పైనుంచి కిందికి, ఏటవాలుగా, వేలు దూరేంత పగులు. ఆ పగులుకి అడ్డంగా, సిమెంటుతో అతికించిన మూడు గాజుముక్కలు.

అవేంటో అతనికి తెలుసు. పగులు నిద్రపోతోందా, కదులుతోందా అని తెలుసుకోవాలంటే మేస్త్రీలు దానిమీద గాజు అతికించి తారీకు రాస్తారు. గాజు నిలిస్తే పగులు పడుకున్నట్టు. గాజు విరిగితే కదులుతున్నట్టు.

అన్నిటికన్నా కిందున్న గాజుమీద ఎర్రరంగుతో '17-6' అని ఉంది. రెండు ముక్కలైంది.

జూన్ పదిహేడు. ఆ సాయంత్రం ఈ గది తలుపు తెరిచే ఉండుంటుంది. గోడ లేదు. మేస్త్రీ సిమెంటు కలుపుతూ ఉండుంటాడు. చెప్పకుండా ఒక మనిషి నాలుగూ పదికి ఆ గుమ్మంలోకి వచ్చుంటే, ఇదంతా వెలుతురులో, కళ్ళెదురుగా. ఆ మనిషి తలకి నల్లరంగు పూయించుకుని అద్దంలో తన అందం చూసుకుంటున్నాడు.

మధ్య గాజు '21-7'. అదీ విరిగింది.

పైది '9-8'. మూడు రోజుల కిందటిది. అది మాత్రం ఇంకా నిలిచే ఉంది.

"ఏముంది గురూ?" ఎదురుబోర్డు గొంతులో వెటకారం ఎటో పోయింది. డ్రైవరు పక్కకి తప్పుకున్నాడు. ఎదురుబోర్డు వచ్చి కన్నంలోకి చూశాడు. వృత్తిలో ఒక్కసారీ దేన్నీ సరిగ్గా చూడని మనిషి, మొదటిసారి సరిగ్గా చూశాడు. "ఇది... బిల్డరు చెప్పింది, సీలింగు చెమ్మకి అడ్డంగా గోడ కట్టామని. నాకు ఇంతే చెప్పాడు. గురూ, పైన మావాళ్ళున్నారు."

పైన ఇనప బీరువా నేలమీద గీరుకుంటూ జరిగిన చప్పుడైంది. మూడో అంతస్తులో ఎవరో, "ఇంకొంచెం ఇటు, గోడకానించండి," అంటున్నారు.

టిక్.

చిన్న చప్పుడు. గోరు విరిగినంత చప్పుడు. డిటెక్టివు లైటు పైకెత్తాడు. '9' ఒకవైపు, '8' ఇంకోవైపు ఉన్నాయి.

"బయటికి," అన్నాడు. "అన్నా, వీళ్ళిద్దర్నీ బయటికి. లారీవాళ్ళని ఆపు. ఒక్క సామానుకూడా లోపలికి రాకూడదు."

ఎదురుబోర్డు అప్పటికే మెట్లమీదున్నాడు, భార్యని పిలుస్తూ. డిటెక్టివు అతని వెనకే పరిగెత్తాడు. మొదటి అంతస్తు రెండు తలుపులూ పిడికిళ్ళతో బాదాడు. రెండో అంతస్తు బాదాడు. చెప్పకుండా రావాల్సిన మూడోసారి రెండు నెలలు ఆలస్యంగా, మూడేసి మెట్లు దూకుతూ వచ్చింది.

మూడో అంతస్తులో తలుపు తెరిచే ఉంది. అట్టపెట్టెల మధ్య, చంకలో పసిపిల్లతో, ఇల్లాలు ఒకావిడ బీరువా ఎటు పెట్టాలో చూపిస్తోంది. ముఖం నిండా కొత్తింటి సంతోషం.

"అమ్మా, కిందికి దిగండి. ఇప్పుడే. బిల్డింగు స్తంభం కదులుతోంది."

ఆవిడ అతన్ని ఎగాదిగా చూసింది. తర్వాత ముఖం విచ్చుకుంది.

"మీరు మూడుసార్లు గారు కదూ? ఏమండీ, ఇలా రండి, గేటు దగ్గర కాగితం రాసినాయన! భలే భయపెట్టారండీ. బిల్డింగు గట్టిగా ఉందని మీరే రాశారుగా. మీ కాగితం మూడుసార్లు చదివాకే మావారు ఇల్లమ్మి ఈ ఫ్లాటు కొన్నారు. కూర్చోండి, ముందు మంచినీళ్ళు తాగండి."

"రాసింది నేనే," అన్నాడు డిటెక్టివు. "అబద్ధం రాశా."

ఆవిడ ఇంకా నవ్వుతూనే ఉంది. మంచి హాస్యం విన్నట్టు, పిల్లని ఒక చంకనుంచి ఇంకో చంకకి మార్చుకుంది.

కిందనుంచి మళ్ళీ చప్పుడొచ్చింది. ఈసారి అది టిక్ అనలేదు.